క్లయింట్ జిమ్ మానేయకుండా నిలబెట్టడం ఎలా: పర్సనల్ ట్రైనర్లకు సమగ్ర మార్గదర్శి

జనవరి మొదటి వారంలో కూకట్‌పల్లిలోనైనా, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరైనా జిమ్‌లో ట్రెడ్‌మిల్ ఖాళీగా దొరకడం కష్టం. సంక్రాంతికి ఊరెళ్లినవాళ్లలో కొందరు తిరిగి రారు. ఫిబ్రవరి చివరికి, ఏడాది ఫీజు ఒకేసారి కట్టినవాళ్లు కూడా ఫోన్ ఎత్తడం మానేస్తారు. వాళ్లకి డబ్బు విలువ తెలియక కాదు, ఆరోగ్యం అక్కర్లేకా కాదు. మొదటి రోజు ఉత్సాహం చల్లారాక కూడా వాళ్లని నడిపించే ఏర్పాటు ఏదీ చుట్టూ లేదు, అంతే. ఆ ఏర్పాటు చేయడం ట్రైనర్ పనిలో భాగం. నా దృష్టిలో అదే సగానికి పైగా పని.

వారానికి మూడు గంటలు క్లయింట్ మీ ముందు ఉంటారు. వారంలో ఉన్నవి 168 గంటలు. మిగతా 165 గంటల్లో ఆ మనిషి ఏం తింటారు, ఎప్పుడు పడుకుంటారు, లిఫ్ట్ ఎక్కుతారా మెట్లు ఎక్కుతారా అన్నదే ఫలితాన్ని తేలుస్తుంది. "కమాన్ సర్, ఇంకొక్కటి!" అని అరవడం ఆ మూడు గంటలకే పనికొస్తుంది. ఈ వ్యాసం మిగిలిన 165 గంటల గురించి. ఈ మధ్యే సర్టిఫికేషన్ పూర్తి చేసి ఫ్లోర్ మీదకి వచ్చిన ట్రైనర్లని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

అడుగు వేసే ముందు: దీక్షలో ఏం జరుగుతుందో గమనించండి

అలవాట్లు మారడం ఎలా ఉంటుందో చూడాలంటే అయ్యప్ప దీక్ష తీసుకున్నవాళ్లని గమనించండి. రోజుకి పెట్టె సిగరెట్లు కాల్చే మనిషి మాల వేసుకున్న రోజునే మానేస్తాడు. ఎనిమిదింటికి గానీ లేవనివాడు తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం చేస్తాడు. నేల మీద పడుకుంటాడు, చెప్పులు వేసుకోడు. 41 రోజుల మండల కాలంలో అతణ్ని "ఈరోజు మూడ్ ఉందా?" అని ఎవరూ అడగరు.

భక్తి దీనికి మూలం, అందులో సందేహం లేదు. దానితోపాటు ఒక పటిష్ఠమైన ఏర్పాటు కూడా ఉంది. రోజూ అవే వేళలు, అదే క్రమం. మెడలో మాల, ఒంటి మీద నల్లబట్టలు, అందరి నోటా "స్వామి" అనే పిలుపు అతను ఎవరో క్షణక్షణం గుర్తు చేస్తుంటాయి. దారి చూపడానికి గురుస్వామి ఉంటాడు. పక్కన తనలాంటి స్వాములు ఉంటారు. ఇంట్లోవాళ్లు వంట మార్చుకుంటారు. ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్న ఆలోచనతో రోజూ కుస్తీ పట్టాల్సిన పని లేదు.

దీక్షకి గడువు ఉంటుంది. మాల విరమణతో అది సంపూర్ణమవుతుంది, వ్రతంగా అది అలాగే ఉండాలి. అయితే మాల తీసిన వారంలోనే కొందరి చేతికి మళ్లీ సిగరెట్ వస్తుంది. మనం క్లయింట్‌కి చేయాల్సింది దాదాపు ఇలాంటి ఏర్పాటే: వేళ, గుర్తింపు, తోడు, ఇంటి సహకారం. గడువు మాత్రం ఉండకూడదు. "90 రోజుల ట్రాన్స్‌ఫర్మేషన్" ప్యాకేజీలు బోల్తా కొట్టేది అక్కడే. తొంభై ఒకటో రోజు ఏం చేయాలో వాటిలో ఎవరూ చెప్పరు.

మొదటి అడుగు: బరువు తూచే ముందు మనిషిని వినండి

కొత్తగా వచ్చినవాళ్లని తీసుకెళ్లి మెషీన్ మీద నిలబెట్టి, "మీ ఫ్యాట్ పర్సెంటేజ్ చాలా ఎక్కువ మేడమ్" అనడం చాలా జిమ్‌లలో రివాజు. భయపెడితే ప్యాకేజీ అమ్ముడుపోతుందని నమ్మకం. అమ్ముడుపోవచ్చు. కానీ సిగ్గుతో మొదలైన పని నుంచి మనిషి ఎప్పుడు తప్పించుకుందామా అని చూస్తాడు. మొదటి అరగంట కుర్చీ వేసి కూర్చోబెట్టి మాట్లాడండి.

ఆరోగ్యం వివరాలు ముందు తేల్చుకోవాలి. నడిచేటప్పుడు ఛాతీలో నొప్పి లేదా బరువుగా అనిపిస్తుందా, కళ్లు తిరుగుతాయా, బీపీ, షుగర్, థైరాయిడ్, పీసీఓడీ ఉన్నాయా, ఏ మందులు వాడుతున్నారు, ఆపరేషన్లు ఏమైనా అయ్యాయా, గర్భవతా, ఈ మధ్యే కాన్పు అయిందా అని అడిగి రాసుకోండి. ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం లాంటివి ఉంటే డాక్టర్ సరే అనే వరకూ మొదలుపెట్టకండి. బీటా బ్లాకర్ రకం బీపీ మందులు వాడేవాళ్లకి వ్యాయామంలో గుండె వేగం అంతగా పెరగదు. వాళ్ల విషయంలో స్మార్ట్‌వాచ్ అంకెని నమ్మకుండా, మాట్లాడగలుగుతున్నారా లేదా అన్నది చూడండి. ఇన్సులిన్ గానీ, షుగర్ బాగా దించే మాత్రలు గానీ వాడేవాళ్లకి సెషన్ మధ్యలో చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే వెంటనే ఆపి గ్లూకోజ్ ఇవ్వాలి. మీ బ్యాగులో ఒక గ్లూకోజ్ ప్యాకెట్ ఎప్పుడూ ఉండాలి.

తర్వాత వాళ్ల రోజు గురించి అడగండి. ఎన్నింటికి లేస్తారు, కాఫీ ఎప్పుడు, ఆఫీసు ఎక్కడ, ఇంట్లో వంట ఎవరు చేస్తారు, రాత్రి భోజనం ఎన్నింటికి, ఫోన్ పక్కన పెట్టి పడుకునేది ఎప్పుడు. మణికొండ నుంచి వచ్చే ఐటీ ఉద్యోగికి అమెరికా కాల్స్ రాత్రి పదకొండు దాకా ఉంటే, పొద్దున ఐదున్నర బ్యాచ్‌లో వేయడం అంటే మొదటి వారంలోనే వదులుకోవడం. ఇంతకుముందు ఏం మొదలుపెట్టారు, ఎందుకు ఆగిపోయింది అన్నది కూడా అడగాలి. పాత ప్రయత్నం ఎక్కడ ఆగిందో ఈసారి కూడా అక్కడే ఆగే అవకాశం ఎక్కువ.

రెండో అడుగు: కారణం వాళ్ల నోటితోనే రావాలి

"బరువు తగ్గాలి" అనేది అందరూ చెప్పే మాట. అది లోపలి కారణం కాదు. లోపలి కారణాన్ని బయటికి తెచ్చే ఒక మంచి పద్ధతి అమెరికన్ మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983లో మద్యం అలవాటున్నవాళ్ల కోసం ప్రతిపాదించినది. తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి దాన్ని విస్తరించారు. అందులో గ్రహించాల్సిన ముఖ్య విషయం చాలా సూటైనది: మార్పు కోసం మీరు వాదిస్తే, ఎదుటి మనిషి మారకపోవడం కోసం వాదిస్తారు. వాదన వాళ్ల వైపు నుంచి రానివ్వండి.

ఉదాహరణకి ఈ సంభాషణ చూడండి.

"వ్యాయామం మొదలుపెట్టడం మీకు ఎంత ముఖ్యం మేడమ్? సున్నా నుంచి పది లోపు ఒక అంకె చెప్పండి."

"ఆరు అనుకోండి."

"ఆరు అన్నారు. మూడో నాలుగో ఎందుకు అనలేదు?"

"మా అమ్మకి మోకాళ్ల ఆపరేషన్ అయింది. మంచం దిగడానికి ఎంత అవస్థ పడుతోందో రోజూ చూస్తున్నాను. నాకు ఇప్పటికే మెట్లెక్కితే మోకాళ్లు పట్టేస్తున్నాయి."

"అంటే అమ్మగారి వయసు వచ్చేసరికి మీరు ఎవరి సాయం లేకుండా లేచి తిరగాలి. అంతేనా?"

"అవును. అదే."

ఇప్పుడు మీ చేతిలో ఉన్నది కిలోల లెక్క కాదు, ఒక కూతురి భయం, ఒక కోరిక. ఆవిడ ప్లాన్‌లో కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేవడం మొదటి లక్ష్యం అవుతుంది. అదే "పది ఎందుకు కాదు?" అని అడిగి ఉంటే, టైమ్ లేదు, పిల్లల పరీక్షలు, ఇంట్లో పని అంటూ అడ్డంకుల చిట్టా వచ్చేది. కింది అంకెతో పోల్చి అడిగితే మనిషి తన కారణాలు తానే చెప్పుకుంటారు. ఆ మాటల్ని ఉన్నదున్నట్టు రాసి పెట్టుకోండి. రెండు నెలల తర్వాత నీరసం వచ్చినప్పుడు మీ ప్రసంగం కన్నా, వాళ్ల మాటని వాళ్లకే చదివి వినిపించడం బాగా పనిచేస్తుంది.

సలహా చెప్పాలనిపించినప్పుడు ముందు అనుమతి అడగండి. "దీని గురించి నాకు తెలిసింది చెప్పమంటారా?" అన్న ఒక్క మాటతో సలహా పెత్తనంలా అనిపించకుండా పోతుంది. ముఖ్యంగా మీకన్నా ఇరవై ఏళ్లు పెద్దవారితో మాట్లాడేటప్పుడు ఇది మర్యాద కూడా. పిలుపు విషయంలోనూ జాగ్రత్త అవసరం. అందరినీ ఆంటీ, అంకుల్ అనేయకుండా ఏమని పిలవమంటారో వాళ్లనే అడగండి. మనసు నొచ్చుకుని మానేసినవాళ్లు ఆ సంగతి బయటికి చెప్పరు.

మూడో అడుగు: ఒక్క అలవాటు, దానికి ఒక కొక్కెం

మొదటి రోజే అన్నం బంద్, పంచదార బంద్, రోజూ పదివేల అడుగులు, మూడు లీటర్ల నీళ్లు, పదింటికల్లా నిద్ర అని రాసిచ్చే ట్రైనర్ పట్టుదల చూపిస్తున్నానని అనుకుంటారు. నిజానికి క్లయింట్‌ని ఐదు చోట్ల ఓడిపోయేలా చేస్తున్నారు. రెండు వారాలకి ఒక్క అలవాటు చాలు.

ఆ అలవాటుని ఇప్పటికే రోజూ జరిగే పనికి తగిలించాలి. జర్మన్ పరిశోధకుడు పీటర్ గోల్విట్జర్ చెప్పిన "ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను" అనే పద్ధతి ఇదే. "వీలున్నప్పుడు నడుస్తాను" అంటే ఎప్పటికీ వీలుండదు. వేళ, చోటు, పని మూడూ ముందే తేలిపోవాలి.

గృహిణికి అన్నిటికన్నా గట్టి కొక్కెం స్కూల్ బస్సు. పిల్లల్ని బస్సెక్కించాక ఇంట్లోకి వెళ్లకుండా అటునుంచి అటే అపార్ట్‌మెంట్ చుట్టూ పదిహేను నిమిషాలు నడవాలి. ఒకసారి ఇంట్లో అడుగుపెడితే గిన్నెలు, బట్టలు, పనమ్మాయి, ఇక నడక ఉండదు. ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగికి లాగిన్ అయ్యే ముందు పది స్క్వాట్లు. బీసెంట్ రోడ్డులోనో, అబిడ్స్‌లోనో దుకాణం నడిపేవారికి షట్టర్ ఎత్తే ముందు ఒక చుట్టు నడక. రిటైరైన, షుగర్ ఉన్న పెద్దాయనకి భోజనం చేసి చెయ్యి కడుక్కున్నాక పది నిమిషాల నడక. తిన్న వెంటనే నెమ్మదిగా నడిస్తే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పైకి లేవకుండా ఉంటుంది. గ్లూకోమీటర్ ఇంట్లో ఉంటే ఆయనే తేడా చూసుకోవచ్చు, అంతకన్నా మంచి ప్రోత్సాహం మీరు ఇవ్వలేరు.

అలవాటు ఎంచుకున్నాక ఇంకో ప్రశ్న అడగండి. "వచ్చే వారం రోజులు ఇది చేయగలనని ఎంత నమ్మకం ఉంది, పదికి ఎంత?" ఎనిమిది కన్నా తక్కువ చెబితే పని తగ్గించండి. పదిహేను నిమిషాలు పది చేయండి, పది ఐదు చేయండి. చిన్నదిగా ఉందని మీకు సిగ్గుగా అనిపించినా పర్లేదు. ఈ దశలో కొవ్వు కరగడం గురించి మనం ఆలోచించడం లేదు. "నేను అనుకున్నది చేసే మనిషిని" అని వాళ్లకి తమ మీద నమ్మకం కుదరడమే మనకి కావలసింది.

ఎన్నాళ్లకి అలవాటవుతుంది అని అందరూ అడుగుతారు. 21 రోజులు అనే మాట బాగా పాకిపోయింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి చూస్తే, పని అప్రయత్నంగా జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పడుతుందని తేలింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉండొచ్చని లెక్కగట్టారు. గ్లాసు నీళ్లు తాగడం త్వరగా అలవాటవుతుంది, వ్యాయామానికి ఎక్కువ కాలం పడుతుంది. ఈ విషయం క్లయింట్‌కి మొదటి నెలలోనే చెప్పండి. చెప్పకపోతే ఇరవై రెండో రోజు పొద్దున బద్ధకంగా అనిపించగానే లోపం తమలోనే ఉందనుకుంటారు.

నాలుగో అడుగు: మొదటి నెల వ్యాయామం తేలిగ్గా ఉండాలి

మొదటి రోజే వంద స్క్వాట్లు చేయించి, మర్నాడు టాయిలెట్‌లో కూర్చోలేని స్థితి తెచ్చి, "నొప్పి ఉందంటే పనిచేస్తున్నట్టే" అని నవ్వే ట్రైనర్లంటే నాకు కోపం. కొత్త వ్యాయామం తర్వాత ఒంటి నొప్పులు ఒకటి నుంచి మూడు రోజుల దాకా ఉండటం మామూలే. కానీ ఆ నొప్పి ఎంత ఎక్కువైతే అంత లాభం అనే లెక్క ఏదీ లేదు. మొదటి నెల ప్రతి సెషన్ "ఇంకొంచెం చేయగలిగేదాన్నే" అనిపించే చోట ఆపండి. కార్డియో చేసేటప్పుడు మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఆ మాత్రం వేగం చాలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ, కనీసం రెండు రోజులు కండరాల బలానికి వ్యాయామం కావాలి. అది చేరాల్సిన ఊరు. ఎంతో కొంత చేయడం అసలు చేయకపోవడం కన్నా మేలని ఆ మార్గదర్శకాలే చెబుతాయి. ఇరవై నిమిషాలతో మొదలైన మనిషిని తక్కువగా చూడకండి.

ప్రతిసారీ ఏదో ఒకటి ఎంచుకునే వీలు ఇవ్వండి. "ముందు డంబెల్స్ చేద్దామా, సైకిల్ తొక్కుదామా?" అనడం చిన్న విషయమే. ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు, ఒక పని మనిషిలో ఇష్టంగా నిలబడాలంటే మూడు కావాలన్నారు: నిర్ణయం తనదన్న భావన, చేతనవుతోందన్న నమ్మకం, తనని పట్టించుకునే మనుషులు. శిక్షగా బర్పీలు చేయించే ట్రైనర్ ఒకే దెబ్బతో ఈ మూడింటినీ పోగొడతారు.

ఆడవాళ్ల విషయంలో ఇంకొంచెం శ్రద్ధ కావాలి. 2022 నాటి పరిస్థితి మీద లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం, మన దేశంలో చాలినంత శారీరక శ్రమ లేని మగవాళ్లు 42 శాతం, ఆడవాళ్లు 57 శాతం. ఈ తేడా బద్ధకం వల్ల రాలేదు. ఇంట్లో అందరి పనీ అయ్యాక మిగిలేదే వాళ్ల టైమ్. భంగిమ సరిచేయడానికి ముట్టుకోవాల్సి వస్తే ముందు అడగండి, వీలైతే మాటతోనో, మీరే చేసి చూపించో సరిచేయండి. అద్దం ముందు, అందరి మధ్యలో చేయడం ఇబ్బందిగా ఉంటే గోడ పక్కన చోటు చూపించండి. నెలసరి రోజుల్లో ఏం చేయాలో వాళ్లే నిర్ణయించుకోనివ్వండి.

ఐదో అడుగు: అన్నం పళ్లెంతో గొడవ పెట్టుకోవద్దు

"రైస్ మానేయండి" అన్నది తెలుగువాళ్లు జిమ్ మానేయడానికి మొదటి కారణాల్లో ఒకటి. అన్నం లేకుండా భోజనం చేసినట్టే ఉండని మనిషికి ఓట్స్ పట్టిక ఇస్తే నాలుగు రోజులు పాటిస్తారు, ఐదో రోజు పప్పు, ఆవకాయ, నెయ్యితో మూడు వాయలు తిని, ఆ సిగ్గుతో జిమ్‌కీ రారు.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు మనకి మంచి ఆధారం. రోజు పళ్లెంలో దాదాపు సగం కూరగాయలు, ఆకుకూరలు, పళ్లు ఉండాలని అవి చెబుతాయి. మన ఇళ్లలో కూర అన్నంలో కలుపుకోవడానికే అన్నట్టు ఉంటుంది. అన్నం తీసేయమనకుండా కూర రెట్టింపు చేయమనండి. వడ్డించుకునే క్రమం మార్చమనండి: ముందు కూర, పప్పు పళ్లెంలో పెట్టుకుని, ఆ తర్వాత అన్నం. మారు వడ్డన పప్పుకి, కూరకి, పెరుగుకి ఉండొచ్చు, అన్నానికి ఒక్కసారే. రెండు వారాలు ఇదొక్కటే అలవాటు.

పొద్దున టిఫిన్‌లో ఉప్మా బదులు వారంలో నాలుగు రోజులు పెసరట్టు వేసుకోవడం, మధ్యాహ్నం ఒక గుడ్డో, గట్టి పప్పో, మీల్‌మేకరో చేర్చడం ప్రొటీన్ పెంచడానికి సులువైన దారులు. గుడ్డులో దాదాపు ఆరు గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. నూనె విషయంలో చెంచాల లెక్క ఎవరూ పాటించరు. నూనె ప్యాకెట్ విప్పిన రోజు దాని మీద పెన్నుతో తేదీ వేయమనండి. లీటరు ఎన్ని రోజులు వస్తోందో తెలిశాక, వచ్చే ప్యాకెట్ ఇంకో రెండు రోజులు ఎక్కువ వచ్చేలా చూసుకోవడం ఇంటిల్లిపాదికీ ఒక లక్ష్యం అవుతుంది.

ఇక్కడ అసలు మాట్లాడాల్సిన మనిషి వంట చేసేవారు. క్లయింట్ మగవారైతే చాలా ఇళ్లలో వంట భార్యదో, తల్లిదో. వాళ్లకి చెప్పకుండా ఆయన చేతికి డైట్ చార్ట్ ఇస్తే, వంటింట్లో మరో మనిషి మీద పని పెరుగుతుంది. ఒకసారి ఇద్దరితో కలిసి మాట్లాడండి. అందరికీ వండే కూరలోనే మార్పు చేయండి, ఆయనకి వేరే గిన్నె పెట్టించకండి.

మీ హద్దు కూడా గుర్తుంచుకోండి. కిడ్నీ సమస్య, ఇన్సులిన్, గర్భం, తినడానికే భయపడే స్థితి ఉన్నవాళ్లకి ఆహారం నిర్ణయించాల్సింది డాక్టరు, డైటీషియన్. కండలు పెంచడానికి ప్రొటీన్ సప్లిమెంట్లు వాడొద్దని పైన చెప్పిన మార్గదర్శకాలే అంటున్నాయి. డబ్బా అమ్మితే కమిషన్ వచ్చే చోట ఈ మాట చెప్పడం కష్టమే. కానీ క్లయింట్ మీ మీద పెట్టుకున్న నమ్మకం ఆ కమిషన్ కన్నా ఎక్కువ కాలం మీకు అన్నం పెడుతుంది.

ఆరో అడుగు: కొలవండి, కానీ తూకం ఒక్కటే వద్దు

రాత్రి పచ్చడి, అప్పడాలు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలిచి పొద్దున తూకం కిలో ఎక్కువ చూపించొచ్చు. నెలసరి ముందూ అంతే. ఆ అంకె చూసి ఏడ్చినవాళ్లు ఉన్నారు. బరువు చూడాలంటే వారం సగటు చూడండి. దానితోపాటు నడుము చుట్టుకొలత (మనవాళ్లలో మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే జాగ్రత్త పడాలి), అరనిమిషంలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలుగుతున్నారు, మూడో అంతస్తు ఎక్కాక ఆయాసం ఎంత, రాత్రి నిద్ర ఎలా ఉంది అన్నవి నెలకోసారి రాయండి. బరువు కదలని నెలలో ఇవి కదులుతాయి.

రోజువారీ నమోదుకి గోడ మీది క్యాలెండర్ చాలు. చేసిన రోజు తేదీ మీద టిక్. యాప్ ఇష్టమైనవాళ్లకి యాప్. గ్రూపులో అందరి బరువులూ పెట్టడం, పాత ఫొటో పక్కన కొత్త ఫొటో పెట్టి పోస్ట్ చేయమని ఒత్తిడి చేయడం మాత్రం వద్దు. ముందున్నవాళ్లకి అది పండగ, వెనకబడినవాళ్లకి గ్రూప్ మ్యూట్ చేసుకోవడానికి కారణం.

ఏడో అడుగు: తప్పిన రోజే మీకు పరీక్ష

ఈ వ్యాసంలో ఒక్క భాగమే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి.

2021లో నేచర్ అనే సైన్స్ పత్రికలో పరిశోధకురాలు కేటీ మిల్క్‌మన్ బృందం ఒక భారీ అధ్యయనం ప్రచురించింది. అమెరికాలోని ఒక జిమ్ గొలుసులో 61,293 మంది సభ్యుల మీద నాలుగు వారాల పాటు 54 రకాల ప్రోత్సాహక పద్ధతులు పరీక్షించారు. అన్నిటికన్నా పైన నిలిచినది, ఒకసారి జిమ్ తప్పినవాళ్లు మళ్లీ వచ్చినప్పుడు ఇచ్చిన చిన్న బోనస్. దాని విలువ పది సెంట్లు కూడా లేదు. అయినా ఏ ప్రోత్సాహమూ లేనివాళ్లతో పోలిస్తే 27 శాతం ఎక్కువసార్లు వచ్చారు. నాలుగు వారాలు అయిపోయాక కూడా ప్రభావం కనిపించిన పద్ధతులు మాత్రం 8 శాతమే. కాబట్టి తప్పినవాళ్లు తిరిగి రావడాన్ని గుర్తించండి, ఆ గుర్తింపు నాలుగు వారాలతో ఆపకండి.

లాలీ బృందం గమనించింది కూడా దీనికి తోడవుతుంది. మధ్యలో ఒక రోజు తప్పితే అలవాటు ఏర్పడటం మీద చెప్పుకోదగ్గ ప్రభావం లేదు. ఒక రోజు తప్పడం ఏమీ కాదు. "ఎలాగూ తప్పింది కదా, వచ్చే సోమవారం నుంచి చూద్దాం" అన్న ఆలోచనే అసలు ప్రమాదం. మధ్యలో వారాంతం వస్తుంది, పెళ్లి వస్తుంది, నెల గడిచిపోతుంది. అప్పటికి ట్రైనర్ ముఖం చూడ్డానికే మొహమాటం.

అందుకే తప్పిన రోజు సాయంత్రమే మెసేజ్ వెళ్లాలి. "మేడమ్, ఈ వారం రెండు సెషన్లు మిస్ అయ్యారు. ఇలా అయితే రిజల్ట్స్ రావు" అని పంపితే జవాబు రాదు. దానికి బదులు: "మేడమ్, అంతా బాగానే ఉంది కదా? రేపు ఆరున్నరకి ఇరవై నిమిషాలే, తేలిగ్గా చేద్దాం. వస్తారా?" ఇందులో నింద లేదు, టైమ్ ఉంది, పని చిన్నది, "సరే" అనడం సులువు.

వాళ్లు వచ్చిన రోజు కారణం అడగకండి, చెబితే వినండి. "వచ్చారు, సంతోషం" అని మొదలుపెట్టండి. వారం దాటి గ్యాప్ వస్తే బరువులు, సెట్లు సగం చేయండి. పాత బరువుతో మొదలుపెట్టి నొప్పులు తెప్పిస్తే మళ్లీ గ్యాప్ వస్తుంది. మూడు వారాలు రానివాళ్లకి మెసేజ్ కాదు, ఫోన్ చేయండి. కొన్నిసార్లు అటువైపు ఉద్యోగం పోయి ఉంటుంది, ఇంట్లో ఎవరో ఆసుపత్రిలో ఉంటారు. నిద్ర పట్టడం లేదని, దేని మీదా ఆసక్తి లేదని వారాల తరబడి చెబుతుంటే అది ప్రోత్సాహంతో తీరేది కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లమని మెల్లగా చెప్పాలి.

ఎనిమిదో అడుగు: పండగకి ముందే ప్లాన్

మిల్క్‌మన్ చేసిన మరో ప్రయోగంలో, ఉత్కంఠభరితమైన ఆడియో నవలలు జిమ్‌లోనే వినేలా ఏర్పాటు చేస్తే హాజరు బాగా పెరిగింది. కానీ అక్కడి థ్యాంక్స్‌గివింగ్ సెలవుల తర్వాత ఆ పెరుగుదల సడలిపోయింది. మనకి సంక్రాంతి, దసరా, వేసవి సెలవులు, మాఘమాసం పెళ్లిళ్లు అలాంటివే. అవి ఎప్పుడొస్తాయో ముందే తెలుసు కాబట్టి సాకులుగా చూడకుండా షెడ్యూల్‌లో పెట్టండి.

ఊరికి వెళ్లే ముందు సెషన్‌లో ఒక "కనీసం" రాసుకోండి: రోజుకి పది నిమిషాలు, ఏ పరికరమూ అక్కర్లేనిది. పొద్దున పొలం గట్టు మీద నడక, గోడకి ఆనుకుని పుషప్స్, కుర్చీ స్క్వాట్లు. అరిసెలు, సకినాలు తినొద్దని చెప్పకండి, అమ్మ చేతి వంట వద్దనమనడం ట్రైనర్ పని కాదు. తిరిగి వచ్చాక మొదటి సెషన్ తేదీ, టైమ్ మాత్రం వెళ్లే ముందే ఖరారు చేయండి. పండగ ప్లాన్‌లో ముఖ్యమైనది అదే.

రంజాన్‌లో ఉపవాసం ఉండే క్లయింట్‌కి ఇఫ్తార్‌కి కాస్త ముందు తేలికైన నడక, లేదా ఇఫ్తార్ తర్వాత కొంత సేపు ఆగి బలం వ్యాయామాలు పెట్టొచ్చు. ఆ నెల లక్ష్యం ఉన్నది నిలుపుకోవడం. కార్తీక సోమవారాలు, అయ్యప్ప దీక్ష కూడా ముందే అడిగి రాసుకోండి. ఒంటిపూట భోజనం చేస్తున్న స్వామితో భారీ బరువులు ఎత్తించకూడదు. షుగర్ మందులు వాడేవాళ్లు ఉపవాసం ఉంటే డాక్టర్‌ని అడగకుండా వ్యాయామం చేయించొద్దు.

తొమ్మిదో అడుగు: మెల్లగా చెయ్యి వదలండి

ఇది చాలామంది ట్రైనర్లు ఎప్పటికీ వేయని అడుగు. క్లయింట్ తనంతట తాను చేసుకుంటే మన ఆదాయం పోతుందని భయం. ఆ భయం నిజమే, ఇంటి అద్దె కట్టాల్సింది మనమే. అయినా ఏడాది తర్వాత కూడా మీరు చెబితే తప్ప వార్మప్ చేయని క్లయింట్‌కి అలవాటు ఏర్పడలేదు, మీరు అలవాటయ్యారు. మీరు ఊరెళ్తే వాళ్ల వ్యాయామం ఆగిపోతుంది.

మొదటి రెండు మూడు నెలలు వారానికి మూడు సెషన్లు మీతో. తర్వాత రెండు మీతో, ఒకటి సొంతంగా. ఆరో నెలకి వారానికి ఒకటి. ప్రతి దశలోనూ ఒక బాధ్యత అప్పగించండి: ముందు వార్మప్, తర్వాత బరువుల నోట్‌బుక్, ఆ తర్వాత ఆరోజు వ్యాయామాల ఎంపిక. సెషన్ మొదట్లో "ఈరోజు ఏం చేద్దాం?" అని వాళ్లనే అడిగి, చెప్పింది బాగుంటే అలాగే చేయండి. మీ చోటుని కొంతైనా తోటివాళ్లతో నింపండి. ఒకే కాలనీ నుంచి వచ్చే ఇద్దరిని కలపండి. కేబీఆర్ పార్కులోనో, విశాఖ బీచ్ రోడ్డులోనో ఆదివారం పొద్దున కలిసి నడిచే నలుగురు ఉంటే, ఒకరు రాకపోతే మిగతావాళ్లే ఫోన్ చేస్తారు. ఆ ఫోన్‌కి ఉన్న బలం మన మెసేజ్‌కి ఉండదు. ఇలా సొంత కాళ్ల మీద నిలబడ్డవాళ్లు తమ్ముణ్ని, తోటికోడలిని, ఆఫీసులో స్నేహితుణ్ని మీ దగ్గరికి పంపుతారు. ఖాళీ అయిన స్లాట్లు అలా నిండుతాయి.

పూర్తిగా విడిచిపెట్టే ముందు ఒక సెషన్ కాగితం మీద చేయండి. వచ్చే మూడు నెలల పట్టిక వాళ్లే రాయాలి, మీరు చూసి సరిచేయాలి. అందులో వారంలో ఏ రోజులు, జబ్బు చేసినా ఊరెళ్లినా చేసే "కనీసం" ఏమిటి, వారం తప్పితే మళ్లీ మొదలుపెట్టేది ఏ రోజు, ఎంత బరువుతో అన్నవి ఉన్నాయో లేదో చూడండి. తర్వాత నెలకోసారి పది నిమిషాల కాల్ పెట్టుకోండి. ఆ కాల్‌లో ముందు బరువు అడగొద్దు. "ఈ నెలలో ఎప్పుడు తప్పింది? మళ్లీ ఎలా మొదలుపెట్టారు?" అని అడగండి. రెండో ప్రశ్నకి తడుముకోకుండా జవాబు చెప్పేవాళ్లకి కాల్ మూడు నెలలకోసారి చాలు. తడబడేవాళ్లని ఒక నెలపాటు మళ్లీ వారానికో సెషన్‌కి రమ్మనండి.